పావురాలకు కట్టిన డిస్కులు

ఆ ఇంట్లో కంప్యూటర్ల విషయంలో ఆఖరి మాట అల్లుడిదే. కొత్తదేదైనా వస్తే ముందు ఆయన చేతిలో పడాలి, పాతదేదైనా కంటపడితే ఆయనకు ఒళ్ళు మంట. అందుకే అత్తగారు ఆయనకు అప్‌డేట్ బాబు అని పేరు పెట్టింది. డిస్కు పెట్టే అర లేని సన్నటి కంప్యూటరు కొన్న రోజున, "ఇక ఈ పళ్ళేలతో మనకి పనిలేదు" అని ప్రకటించి, చేతికందిన డిస్కులన్నిటికీ దారాలు కట్టి పావురాలను బెదరగొట్టడానికి బాల్కనీలో వేలాడదీశాడు. పావురాలు మొదట్లో కాస్త భయపడ్డాయి. తర్వాత వాటి మధ్యే కాపురం పెట్టాయి.

అమ్మకు దగ్గు పట్టుకునేదాకా ఇదంతా ఆయన భార్యకు నవ్వులాటగానే ఉండేది.

దగ్గు ఎంతకీ తగ్గకపోయేసరికి స్కాన్ తీయించారు. కుడి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. అప్పటినుంచి పక్క గదిలో అమ్మ దగ్గినప్పుడల్లా కూతురి చేతిలో పని ఆగిపోయేది. డాక్టరమ్మ విషయం దాచలేదు, లేనిపోనివి చెప్పి భయపెట్టనూ లేదు.

"ఇది ఎప్పటిదో తెలియాలి. కొత్తగా వచ్చిందైతే సూది పంపి ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ఏళ్ళ తరబడి ఇంతే ఉందనుకోండి, ఏదో పాత జబ్బు మానిన గుర్తు అనుకుని వదిలేయొచ్చు. ఇంతకుముందు ఛాతీకి స్కాన్ తీయించారా?"

తీయించారు. ఆరేళ్ళ కిందట అమ్మ మెట్ల మీద నుంచి పడ్డప్పుడు. పక్కటెముకలు విరగలేదన్న ముక్క తప్ప కాగితం మీద ఇంకేమీ రాయలేదు. బొమ్మలన్నీ డిస్కులో ఇచ్చారు. ఆ ఆసుపత్రి ఎప్పుడో మూతబడింది, అక్కడిప్పుడు సోఫాలు అమ్ముతున్నారు.

"అయితే రేపు పొద్దున ఆ డిస్కు తీసుకురండి. అది చూశాకే సూది సంగతి" అంది డాక్టరమ్మ.

అల్లుడు ఆమె బల్ల మీది కంప్యూటరుకేసి అనుమానంగా చూశాడు. దానికీ అర లేదు. "డిస్కు చదివే డ్రైవు మీ దగ్గరుందా అండీ? ఈ రోజుల్లో అవెవరూ వాడట్లేదు కదా."

"దీనికి లేదు, స్కానింగ్ గదిలో ఒకటి ఉంచుకున్నాం. పాత స్కాన్లు ఇంకా చాలామంది అందులోనే తెస్తారు. మీరు తేవడమే ఆలస్యం."

ఇంటికి రాగానే కూతురు చెప్పులు కూడా విప్పకుండా బీరువా తెరిచింది. స్కాన్ కవరు పాత బిల్లుల కింద భద్రంగానే ఉంది. లోపల మాత్రం ఏమీ లేదు. మొగుడూ పెళ్ళాలిద్దరి చూపులూ ఒకేసారి బాల్కనీ వైపు తిరిగాయి.

దారాలు తెంపి, రెట్టలు తుడిచి, ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూశారు. ఒకటి ప్రింటరుతో వచ్చింది. ఇంకొకటి తమ పెళ్ళి వీడియో. మామూలు రోజైతే దాని మీద ఓ పూట యుద్ధం జరిగేది. మిగతావాటి మీద రాత ఎండకు వెలిసిపోయింది, వెండి పూత పొరలుగా ఊడి వేళ్ళకు అంటుకుంటోంది. అమ్మది వాటిలో ఏదో ఒకటైతే ఇక అంతే.

"నేనే కట్టేసుంటానంటావా?" అన్నాడాయన, ముఖం పాలిపోయి.

"పావురాలు కట్టుకున్నాయేమో అడగండి."

ఆయన వేళ్ళకంటిన పూత తుడుచుకున్నాడు. ఆమెకు కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. ఒక్క డిస్కు లేక అమ్మ ఒంట్లోకి సూది దిగుతుందేమోనని, చూసినవాటినే మళ్ళీ వెలుగుకు పట్టి చూసింది.

లోపల కుర్చీలో కూర్చుని చొక్కాకు బొత్తాం కుడుతున్న అమ్మ తలెత్తింది. "బాబునెందుకే ఆడిపోసుకుంటావు? ఏమయ్యా బాబూ, ఆ రోజు 'అత్తయ్యా, మీ ఎముకలు చూద్దురుగాని రండి' అని కంప్యూటర్లో పెట్టి చూపించింది నువ్వే కదయ్యా. చూపించాక బయటికి తియ్యడం మాత్రం నేను చూళ్ళేదు."

"ఆ కంప్యూటరు ఎప్పుడో చచ్చింది కదా అత్తయ్యా..." అంటూ ఆయన ఆవిడ కాళ్ళకేసి చూశాడు.

చచ్చిన కంప్యూటరు అమ్మ కాళ్ళ కిందే ఉంది. పాత సామాన్లలో వేసేస్తానని ఆయన ఎన్నిసార్లు గొడవపెట్టినా, ఎత్తు సరిగ్గా సరిపోయిందని ఆవిడ దానికి గుడ్డ కప్పి కాళ్ళపీట చేసుకుంది.

గుడ్డ లాగేశారు. కరెంటు పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన కుట్టుపెట్టెలోంచి ఓ పిన్నీసు తీసుకుని, సాపు చేసి, డ్రైవు ముందున్న సన్నటి చిల్లులో గుచ్చి మెల్లగా నెట్టాడు. పళ్ళెం నాలుకంత బయటికొచ్చింది. మిగతాది గోళ్ళతో లాగాడు. అందులో డిస్కు ఉంది. మీద అమ్మ పేరు, పాత తేదీ. కింద ఒక్క గీత లేదు.

"ఇన్నాళ్ళూ నా ఊపిరితిత్తుల మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నానన్నమాట" అంది అమ్మ.

మర్నాడు స్కానింగ్ గదిలో డ్రైవు కాసేపు గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. అంతసేపూ అల్లుడు దాన్ని దేవుణ్ణి చూసినట్టు చూశాడు. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పడ్డాయి. డాక్టరమ్మ పాత బొమ్మలో మచ్చను కొలిచింది, కొత్తదాంట్లో కొలిచింది, నమ్మకం కోసం మరోసారి కొలిచింది.

"అప్పుడూ ఉంది, ఇంతే ఉంది. వెంట్రుకవాసి కూడా పెరగలేదు. సూదీ అక్కర్లేదు, గీదీ అక్కర్లేదు. దగ్గుకి మందు రాస్తాను, వాడండి."

కూతురు అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు ఇప్పుడు హాయిగా వచ్చింది. అల్లుడు వెనక నిలబడి, ఇలాంటి డ్రైవు విడిగా ఎక్కడ దొరుకుతుందని స్కానింగ్ అతన్ని అడుగుతున్నాడు.

సాయంత్రం ఆయన పాత కంప్యూటరును తుడిచి భక్తిగా బల్ల మీద పెట్టబోయాడు. "అది నా పీట. కిందే ఉంచు" అని అమ్మ కాళ్ళు చాపింది. బొత్తాం కుడుతూ కుడుతూ గట్టిగా దగ్గింది.

కూతురు బట్టలు మడతపెడుతూనే ఉంది. అల్లుడు టీ తాగుతూనే ఉన్నాడు.