సగం సుడి

నేను ఒక మూతను. పెట్టె కొన్నామని చెప్పుకునేవారే గాని మూత కొన్నామని ఎవరూ అనరు. అయినా వాళ్ల వేళ్లు ముందుగా తాకేది నన్నే.

పెద్దాపురంలో గంగాచారిగారి ఇంటి వెనక వసారాలో పుట్టాను. ఆయన పెట్టెను, మూతను విడివిడిగా చేసేవాడు కాదు. టేకు పలకలను అన్నివైపులా మూసి అతికించి, జిగురు ఆరాక, ఆ మూసిన పెట్టెను పైభాగాన సన్నని రంపంతో అడ్డంగా కోసేవాడు. పైది మూత, కిందది పెట్టె. ఏ మూత ఏ పెట్టెదో తెలియడానికి రెండింటి లోపలా పెన్సిలుతో ఒకే బొమ్మ గీసేవాడు. నాకు చేప వచ్చింది.

నునుపు పట్టే పని కొత్తకోడలు హైమది. ఆమె గరుకు కాగితంతో బయటా లోపలా అద్దంలా రుద్దింది. మూతను పెట్టెకు కలిపే బందులు బిగించడానికి కూర్చున్న అత్తగారు నూకరత్నం ఒక్కొక్క మూతా తిప్పి చూసింది.

“ఏమ్మా, లోపల బొమ్మలేవీ?”

“మురికనుకున్నానండీ అత్తయ్యగారూ. మొత్తం తీసేశాను.”

“శుభ్రానికేం లోటు లేదులే. ఇప్పుడెవరి టోపీ ఎవరి నెత్తినో నువ్వే చెప్పు తల్లీ!”

పాలిష్ పడేదాకా కర్ర మీద చారలు సరిగా కనిపించవు. అందుకని సరిగ్గా కూర్చున్న మూతను కూర్చున్న పెట్టెకే బిగించారు. అన్నీ చక్కగా మూసుకున్నాయి. పాలిష్ అయినవి అయినట్టే అమ్ముడుపోయాయి. నా వంతు చివర వచ్చింది. హైమ లక్క పాలిష్‌లో ముంచిన గుడ్డతో తుడవగానే నా ముందువైపు అంచున, చారలు గుండ్రంగా తిరిగిన చోట, సగం సుడి తేలింది. కింద పెట్టె మీద మాత్రం చారలు వాటి దారిన అవి నిటారుగా పోతున్నాయి.

ఆమె చెయ్యి ఆగిపోయింది. “మావయ్యగారూ, దీని రెండో సగం ఎక్కడుందండీ?”

“ఎవరింట్లోనో ఉంటదమ్మా. మూత పడుతోంది కదా, చాల్లే.”

మనుషులకు మూత పడితే చాలు. హైమకు చాలలేదు. దాని జత దొరికేదాకా అమ్మవద్దని బతిమాలి నన్ను తన దగ్గరే ఉంచుకుంది. నా కింది పెట్టెలో గాజులూ పిన్నులూ దాచుకుంది. ఎవరింటికి వెళ్లినా చెక్కపెట్టె కనిపిస్తే ముందువైపు తిప్పి చూసేది. “పెళ్లికొచ్చి పెళ్లికూతుర్ని చూడదు, సామాన్లు చూస్తది!” అని అత్తగారు నలుగురిలో నవ్వేది. ఇంటికొచ్చి హైమ నన్ను తెరిచినప్పుడల్లా, ఇవాళైనా దొరికిందేమోనని ఆశపడేదాన్ని. ఆమె గాజులు తీసి లోపల పెట్టే నెమ్మదిని బట్టే లేదని తెలిసిపోయేది.

హైమ జుట్టు నెరిసే వేళకు కుసుమాంబ అనే ఆవిడ బందు విరిగిన పెట్టెను బాగుచేయమని తెచ్చింది. వంటింట్లో పెట్టుకుని వాడుకున్న పెట్టె. దాని ముందువైపు అంచున నా రెండో సగం ఉంది.

హైమ నా మరలు విప్పి నన్ను దాని మీద పెట్టింది. సుడి కలిసింది. ఎక్కడినుంచి కోశారో ఆ చోటు మళ్లీ నాకు తగిలింది. కాని వెనక మూల కింద వెలుతురు కనిపించింది. నేను అటూ ఇటూ ఊగాను.

ముసలి గంగాచారి చూపు ఆనక వేలితో తడిమి చూశాడు. “వంటింటి చెమ్మకి ఒంగిందమ్మా. దీని మీదున్న మూత కూడా దీంతోపాటే ఒంగింది, అందుకే దానికది సరిపోయింది. కావాలంటే అంచు చిత్రిక పడతాను, ఇది కూర్చుంటది.”

“పడితే సుడి కలుస్తుందాండీ?”

“కలిసేది ఆ అంచులోనే కదా తల్లీ. చెక్కితే అదే పోతది.”

హైమ చాలాసేపు నన్ను అక్కడే ఉంచింది. తరువాత కుసుమాంబ పెట్టెకు దాని మూతనే కొత్త బందుతో బిగించి పంపేసింది. నన్ను తెచ్చి నా కింద ఉండే పెట్టెకు బిగించింది. చప్పుడు లేకుండా మూసుకున్నాను.

ఇప్పటికీ మూసేటప్పుడు ఆమె బొటనవేలు నా మీది వంపు వెంట నడుస్తుంది. వంపు తెగిన చోట ఆగదు. కింద ఏ సుడీ లేని చెక్క మీదికి దిగి, మిగిలిన సగాన్ని గుండ్రంగా గీసి, మళ్లీ నా దగ్గరికి వస్తుంది.