తాళం వేసిన సాక్ష్యం

శుక్రవారం సాయంత్రాలు మచ్చ బొల్లారంలోని మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. వచ్చేది కాలనీవాళ్లు, పదిమంది లోపే. రావల్కోల్‌లో ఉండే మా అక్క దానమ్మ తుంటి విరిగి మంచం పట్టాక, కూడిక ఆమె ఇంటి టీవీలో కనపడేట్టు మా అబ్బాయి జోయెల్ ఏర్పాటు చేశాడు.

"ఊరంతా చూస్తదేమోరా," అన్నాను.

"లింకు అత్తమ్మ ఒక్కదానికే ఇచ్చిన నాయినా. డౌన్‌లోడ్ కాదు. ఫోన్‌ల స్క్రీన్ రికార్డ్ చేసినా నల్లగనే వస్తది. లాక్ ఏసిన."

ఆ ధైర్యంతోనే మా కోడలు రెబెక్కా ఆ వారం సాక్ష్యం చెప్పడానికి లేచింది. మూడో నెలలో కడుపు పోయిందనీ, దేవుడి మీద కోపం వచ్చిందనీ, పాట పాడబోతే గొంతు రావడం లేదనీ చెప్పి ఏడ్చింది. ఈ సంగతి అల్వాల్‌లో ఉన్న వాళ్లమ్మ రోజీకి ఇంకా తెలియదు. ఆమెకు ఈ మధ్యే గుండె ఆపరేషన్ అయింది. కోలుకున్నాక మెల్లగా చెప్పాలనుకుంది పిల్ల.

మంగళవారం రోజీ రెబెక్కాకు ఫోన్ చేసింది. పక్కనున్న నాకూ వినపడింది.

"అందరికి జెప్పినవ్, నాకు జెప్పకపోతివి బిడ్డా. చర్చిల ఎవరో ఫోన్ జూపిస్తే జూసిన."

ఆ వీడియో మా ఫోన్‌కూ వచ్చింది. చుట్టూ టీవీ అంచు కనిపిస్తోంది. మధ్యలో మా అక్క దగ్గు.

రెబెక్కాను స్కూటర్ మీద ఎక్కించుకుని రావల్కోల్ వెళ్లాను. లాక్ వేసినదాన్ని ఎలా కాపీ చేశావని అక్కను అడిగాను.

"కాపీ ఏంది తమ్మీ? టీవీ ముంగట ఫోన్ పట్టిన, గంతే," అంది అక్క. "నేనా లేవలేను. ఇంకో నలుగురు మోకాళ్లూనుతరని స్త్రీల సమాజం గ్రూపుల ఏసిన. ప్రార్థన మనవి అని గూడ రాసిన."

"నన్ను అడగాలె గదా పెద్దమ్మా," అంది రెబెక్కా.

"ప్రార్థన చేసుడుకు అడుగుడేంది? దినాం పొద్దుగాల నిన్ను గా వీడియోల జూసుకుంటనే మొర పెడతాన్న."

"మా అమ్మ గూడ గా వీడియోలనే జూసింది. ఆమెకు తెల్వదు పెద్దమ్మా. నేనింక చెప్పలే."

అక్క ఫోన్ రెబెక్కా చేతిలో పెట్టింది. "తీసెయ్, బిడ్డా. గ్రూపులది గూడ."

"గ్రూపులది మీ ఫోన్‌లనే పోతది. వాళ్ల ఫోన్లల్ల ఉంటది."

"అట్లయితే మీ అమ్మకు కలుపు. తప్పు నాదని నేనే జెప్త."

"వద్దు పెద్దమ్మా." రెబెక్కా ఆమె దుప్పటి సర్ది లేచింది. "మామా, అల్వాల్ దిక్కు పోదాం."

దారిలో ఆలోచిస్తూ నడిపాను. మనం చేసేదంతా దేవుడు చూస్తాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నాకెప్పుడూ భయం వేయలేదు, తోడున్నట్టే ఉండేది. మరి మనుషులు చూస్తే ఇంత నొప్పి ఎందుకు? ఆయన విన్నది ఇంకొకరికి పంపడు, అందుకా? పంపినదీ ప్రేమతోనే కదా మరి. నాకు తెగలేదు.

రోజీ గుమ్మంలోనే నిలబడి ఉంది. పిలవలేదు, లోపలికి పోనూ లేదు.

రెబెక్కా తన ఫోన్ నా చేతికిచ్చింది. "మీ దగ్గర్నే ఉండనీ మామా," అని ఒక్కతే వెళ్లింది. తలుపు మూసుకుంది. నేను రోడ్డు మీదే నిలబడ్డాను.