ఆ రోజు వంట ఎవరు చేశారు?

నన్ను జైలుకు పంపిన తీర్పు ప్రకారం, కారుతో సైకిలాయన కాలు విరగ్గొట్టి పారిపోయింది నేనట, ఆ సమయంలో ఇంట్లో వంట చేస్తున్నది మా ఆయనట!

శిక్ష పడ్డ ఎనిమిది నెలలకు, ఉచిత న్యాయసహాయం కింద వచ్చిన లాయరమ్మ ఆ ముక్క చదివి వినిపిస్తే ములాఖత్ గదిలో పొట్ట పట్టుకుని నవ్వాను.

“ఏడవాల్సిన చోట నవ్వుతావేంటమ్మా?”

“పన్నెండేళ్ళ కాపురంలో ఆయన వంటింటి గడప తొక్కింది ‘ఇంకా కాలేదా?’ అని అడగడానికేనండీ.”

కారు నా పేరు మీద ఉంది. ఆయన పెట్టిన లాయరేమో “మీరేం మాట్లాడకండి, జరిమానాతో పోతుంది” అన్నాడు. ఆయన సాక్ష్యం చెప్పిన రోజు నాకు జ్వరం, కోర్టుకే వెళ్ళలేదు. నోరు మూసుకోవడం నాకు కొత్తా? ‘దానికేం తెలుసు’ అని అత్తగారు, ‘నువ్వూరుకో’ అని ఆయన రోజూ నేర్పిన విద్యే కదా. పొద్దున్నే ఆయన చొక్కా ఇస్త్రీ నుంచి అత్తగారి మందుల దాకా అన్నీ చేసి కూలబడితే ‘రోజంతా ఇంట్లో ఉండి ఏం చేస్తావ్?’ అనేవాళ్ళు. నేనేం చేస్తానో ఒక్కరికీ కనబడలేదు. తీరా అవసరం పడేసరికి ఆ పనే ఎత్తుకుపోయి తన పేరు పెట్టుకున్నాడు! చెయ్యని నేరం నా నెత్తిన రుద్దినందుకు కూడా ఇంత మండలేదు.

“అప్పీలు వేద్దాం లాయరమ్మా. ఆయన్ని వంట గురించి అడగండి, చాలు.”

పై కోర్టు ఆయన్ని మళ్ళీ బోనెక్కించింది.

“ఆ రోజు ఏం వండారు?” అడిగింది లాయరమ్మ.

“బంగాళాదుంప కూర.” మహా ధీమాగా చెప్పాడు.

“ఉప్పు ఎందులోంచి తీశారు?”

“డబ్బాలోంచి.”

“ఏ డబ్బా? ఎక్కడుంటుంది?”

నుదురు తుడుచుకున్నాడు. పైకప్పు చూశాడు, నేల చూశాడు. ఆఖరికి అలవాటు కొద్దీ నా వైపు తిరిగి విసుక్కున్నాడు.

“ఏమే, ఉప్పెక్కడ పెట్టావ్?”

కోర్టంతా గొల్లున నవ్వేసింది. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నా పక్కనున్న జైలు పోలీసమ్మ నా భుజం మీద వాలిపోయి మరీ నవ్వింది. ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పకపోవడం పన్నెండేళ్ళలో అదే మొదలు. ఒళ్ళంతా దూదిపింజలా తేలిపోయింది.

“కారు ఎవరు నడిపారో ఇప్పుడు చెప్పండి,” అన్నారు జడ్జిగారు.

“నేనేనండీ.” ఆయన తల దించుకున్నాడు. “ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మా ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే పడి ఉంటుంది కదా, ఎక్కడున్నా ఒకటేలే అనుకున్నాను.”