పచ్చ లైటు పెట్టె

మూత విప్పగానే పెట్టెలోంచి బొద్దింకలు బిలబిలమంటూ బయటికి వచ్చాయి. మేజర్ జమున చేయి వెనక్కి తీసుకోలేదు. స్క్రూడ్రైవర్‌తో తీగలు పక్కకు జరిపి చూసింది. నమ్మబుద్ధి కాక మళ్లీ చూసింది.

జమున సైన్యంలో సిగ్నల్స్ విభాగం మనిషి. ఇప్పటి శత్రువు సరిహద్దు దాటి రానక్కర్లేదు. ఎక్కడో గదిలో కూర్చుని కంప్యూటర్ల మీదుగా మన కరెంటు ప్లాంట్లను, నీటి పంపులను ఆపేయగలడు. అలాంటి దాడులను పసిగట్టి అడ్డుకోవడమే ఆమె ఉద్యోగం. దేశమంతా తిరిగి ముఖ్యమైన ప్లాంట్లను పరీక్షించే బృందంతో ఈసారి మంచిర్యాల దగ్గరి ఒక ప్రైవేటు కరెంటు ప్లాంటుకు వచ్చింది. తను పుట్టి పెరిగిన శ్రీరాంపూర్ అక్కడికి దగ్గరే.

టర్బైన్‌ను నడిపే కంప్యూటర్లకూ, ఆఫీసు కంప్యూటర్లకూ మధ్య కావలి ఉండాల్సిన పెట్టె అది. లోపలి సమాచారం బయటికి పోవచ్చు కానీ బయటినుంచి ఒక్క అక్షరం కూడా లోపలికి రాకూడదు. తీరా చూస్తే అందులో ఉన్నది ఇళ్లలో ఇంటర్నెట్టుకు వాడే చవకబారు డబ్బా. పక్కన బంకతో అతికించిన పచ్చ లైటు. అంతకుమించి ఏమీ లేదు.

"ఖరాబైందా మేడం?" అన్నాడు ప్లాంటు ఇంజినీరు సాయిచంద్.

"క్యాంటీన్‌ల కూసుందాం, రాండ్రి."

క్యాంటీన్‌లో అందరూ వాడుకునే వైఫైకి ఆమె తన ల్యాప్‌టాప్ కలిపింది. సాయిచంద్ చాయ్ ఇంకా సగం కూడా తాగలేదు, టర్బైన్ ఆవిరి పీడనం అంకెలు తెర మీదికి వచ్చేశాయి.

"చూసిండ్రా? గిక్కడ కూసోని గివి మార్చచ్చు. నేను మార్చ. కానీ మార్చెటోడు మీకు చెప్పి మార్చడు."

సాయిచంద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కిటికీ అవతల బాయిలర్ మెట్ల మీద హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు.

"ఎవరు పెట్టిండ్రు దీన్ని?"

"కర్నల్ అరుణ్‌కుమార్ సార్ కంపెనీ మేడం. మిలిటరీ ఆయన గదా అని మేము మూత కూడా తియ్యలే."

ఆ పేరు వినగానే జమున ల్యాప్‌టాప్ మూసేసింది.

ఇప్పుడు రిటైరైన అరుణ్‌కుమార్‌ది కరీంనగర్. జమున ఇంజినీరింగ్ అయ్యాక పట్టాళంలో చేరతానంటే, బొగ్గుబావిలో పనిచేసే తండ్రి వెంకటి ససేమిరా అన్నాడు. అప్పుడు ఆ కర్నలే వాళ్ల క్వార్టర్‌కు వచ్చి, నులకమంచం మీద కూర్చుని, బాపును ఒప్పించాడు. శిక్షణలో పాఠం చెప్పిందీ ఆయనే. "మనం కునుకు తీస్తే చచ్చేది మనం కాదు, వేరేటోళ్లు" అనేవాడు. ఫోన్లో ఆయన గొంతు వినబడితే ఆమె కూర్చున్నచోటినుంచి లేచి నిలబడేది.

మర్నాడు పొద్దున శ్రీరాంపూర్‌లో ఇంటికి వెళ్లేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, పట్టాళం గుర్తు ఉన్న టై. పక్కన బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తన సొంత ఇంట్లో.

"పెట్టె విప్పినవట గదా బిడ్డా" అన్నాడు కర్నల్ నవ్వుతూ.

"అందుల ఏం లేదు సార్."

"పచ్చ లైటు వెలుగుతుందా లేదా? వాళ్లకు అది చాలు. మంచిర్యాల మీద ఎవడు దాడి చేస్తడమ్మా? రిపోర్టుల ఒక్క ముక్క మంచిగ రాస్తే అయిపాయె. నీ సర్వీసు అయినంక నా కంపెనీల నువ్వే డైరెక్టర్‌వి."

"ఇంకా ఎక్కడెక్కడ పెట్టిండ్రు సార్ గీ పెట్టెలు?"

ఆయన నోట్లోని వక్కపలుకు అటు నుంచి ఇటు తిప్పాడు. ఆ నోటితోనే కదా పాఠాలు చెప్పాడు అనుకుంటే ఆమెకు ఒళ్లంతా జలదరించింది.

"సార్ మన ఇంటి దేవుడసొంటోడు బిడ్డా" అన్నాడు బాపు మెల్లగా. "ఆయన లేకుంటే నువ్వు యాడున్నవ్? ఈ ఒక్కసారికి ఇడిసిపెట్టు."

కర్నల్ మాటకంటే ఆ మాటే ఎక్కువ రోత పుట్టించింది. జమున దొడ్లోకి పోయి నల్లా కింద చేతులు కడుక్కుంది. ఎంత రుద్దినా జిడ్డు వదలనట్టే ఉంది. లోపలికి వచ్చి నిలబడే చెప్పింది.

"పెట్టె ఫొటోలు నిన్ననే ఢిల్లీకి పోయినయ్ సార్. మీ పేరుతోటి సహా."

ఆయన నవ్వు మాయమైంది. "సంస్కారం లేని పిల్ల" అని బాపుతో అని, ఆమె వంక చూడకుండానే వెళ్లిపోయాడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ప్లాంటులో ఆఫీసుకు పోయే తీగలు తెంపేశారు, అసలైన పరికరం బిగించేదాకా అంకెలు మనుషులే చేత్తో రాసుకున్నారు. విచారణలో ఇంకా కొన్ని నీటి పంపుహౌసుల్లో, ఒక ఆసుపత్రిలో అవే పెట్టెలు బయటపడ్డాయి. కంపెనీకి తాళం పడింది. కర్నల్ మాత్రం బెయిల్ మీద తిరుగుతూ కరీంనగర్‌లో ఒక కాలేజీ సభలో దేశభక్తి గురించి మాట్లాడాడు. జమున ఆ వీడియో కొంచెం చూసి ఆపేసింది.

బాపు ఆమెతో మాట్లాడటం మానేశాడు. వానాకాలం మొదలయ్యాక ఒకరోజు తనే ఫోన్ చేశాడు.

"కర్నల్ మళ్ల వచ్చిండు బిడ్డా. నువ్వు వాట అడిగినవట, ఇయ్యకుంటే కేసు పెట్టినవట. నన్ను సాక్ష్యం చెప్పమన్నడు."

"నువ్వేమన్నవ్ బాపూ?"

"నా ఇంట్ల కూసోని నా బిడ్డను దొంగ అంటవా, చెప్పులేసుకోని ఎల్లమన్న. నేను గప్పుడే అనాల్సింది."

బాపు మాట్లాడినందుకు జమునకు ఊపిరి తేలికైంది కానీ ఆ మనిషికి ఇన్నేళ్లు సెల్యూట్ కొట్టిన చేయి మాత్రం ఇంకా తనది కానట్టే ఉంది.

"అన్నం తిన్నవా?" అన్నాడు బాపు.

"ఇంక తినలే, తింట" అంది ఆమె.