పన్నెండో చెంచా

ఐవీ షర్ట్‌క్లిఫ్ నూనె మడ్డి అంటకుండా మోకాళ్ళకు పాత పేపర్లు చుట్టి దారంతో బిగిస్తూ ఉండగానే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇంకా ఎనిమిది కాలేదు. నెత్తికి ఎర్రగుడ్డ కట్టుకోవాలి, గోధుమరంగు కాగితపు ఏప్రన్ వేసుకోవాలి, గ్యాసు పొయ్యి మీద టీ నీళ్ళు మరగనైనా లేదు. ఒక్క పూటైనా మనిషిని నిమ్మళంగా పనిలో దిగనివ్వరు కదా అని ఆమె పళ్ళు నూరుకుంది.

పైకి వచ్చినవాడు యజమాని లెనర్డ్ డ్రాబుల్. యాభై దాటాయి, బట్టతల వచ్చింది, కింద పాత వెండి సామాను కొట్టు నడుపుతాడు. పద్నాలుగేళ్ళ పిల్లగా ఐవీ, వెండికి మెరుగు పెట్టే ఈ మేడ మీది పనిగదిలో కాలుపెట్టిన రోజున ఇతను తల్లి చంకలో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అది జరిగి నలభై తొమ్మిదేళ్ళయినా, అతను నోరు తెరిచినప్పుడల్లా ఆమెకు ఆ ఏడుపే గుర్తొస్తుంది.

"ఐవీ, అమెరికా నుంచి ఆ ఒహాయో ఆవిడ పార్సిలొచ్చింది. దానికి తొందర్లేదు. ఇది మాత్రం ఇవాళే కావాలి" అంటూ అతను ఒక డబ్బానీ, ఒక ఫెల్టు గుడ్డ చుట్టనీ బల్ల మీద పెట్టాడు.

ఆమె ముందు డబ్బానే తెరిచింది. తొందర లేదన్నదాన్ని ముందు చూడటం ఆమెకు అలవాటు. అందులో ఒక చిల్లుల గరిట, పొట్టి ముళ్ళ ఫోర్కులు ఆరు, పొడుగు ముళ్ళవి ఆరు ఉన్నాయి. వాటి కాడల మీద పువ్వులూ తీగలూ ఎంత దట్టంగా ఉన్నాయంటే, సందుల్లోని నలుపు తీయాలంటే వారం పడుతుంది.

"ఇదేంటి లెనర్డ్ బాబూ?"

"దోసకాయ ముక్కలు తీసుకోడానికంట. చిల్లుల్లోంచి నీళ్ళు కారిపోతాయి."

"మరి ఈ పొట్టివి?"

"ఐస్‌క్రీముకి."

"ఐస్‌క్రీముకి ఫోర్కా! వాళ్ళకి దేవుడు నాలుకివ్వలేదా? ఒక్కో తిండికి ఒక్కో ఆయుధం పెట్టుకుంటే, ఆకలేసినప్పుడు ఏది ఎత్తాలో తెలిసేలోపు ప్రాణం పోతుంది."

"వాళ్ళు తినరే, సేకరిస్తారు" అన్నాడు డ్రాబుల్. "సరే, ఈ చుట్ట చూడు. ఆక్స్‌స్ప్రింగ్ గారివి. పన్నెండోది దొరికేసింది."

పెర్సీ ఆక్స్‌స్ప్రింగ్ ఒకప్పుడు పళ్ళ డాక్టరు. ఇరవై రెండేళ్ళ క్రితం ఒక పాత భవంతి సామాను వేలంలో పదకొండు పెద్ద వెండి చెంచాలు కొన్నాడు. రెండు వందల యాభై ఏళ్ళనాటివి, సూపు తాగేవి. ఒక్కోదాని కాడ మీద సన్నగా చెక్కిన కొంగ తల. డజనులో ఒకటి తక్కువని తెలిసిన రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు, మిగతావాళ్ళకు ఆయనతో మనశ్శాంతి లేదు. ప్రతి గురువారం కొట్టుకి వచ్చి "దొరికిందా?" అని అడిగేవాడు. పై గదిలో మెరుగు చక్రం మోతలోనూ ఐవీకి ఆ గొంతు వినిపించేది. మొన్న లింకన్ ఊళ్ళో ఒక ముసలి పనిమనిషి పోతే, ఆమె సామానులో అదే కొంగ తల చెంచా బయటపడిందట. రేపు శనివారం సేకరణదారుల సంఘంవారి ప్రదర్శన. పన్నెండూ ఒక వరుసలో పడుకోబెట్టాలి.

"పన్నెండోదాని మొన కొంచెం పాడైంది. అరిగిన చోట రుద్ది, గుండ్రంగా చేసెయ్. మిగతావాటితో కలిసిపోవాలి. నాలుగింటికి వస్తాడు" అని డ్రాబుల్ దిగిపోయాడు.

ఐవీ చుట్ట విప్పింది. పన్నెండు జేబుల్లో పన్నెండు చెంచాలు. మొదటి పదకొండింటినీ ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. కాడ తనవైపు పెట్టుకుంటే, వాటి మొనలు ఎడమ పక్కన వెంట్రుకవాసి అరిగి ఉన్నాయి. అందులో వింతేమీ లేదు. కుడిచేత్తో తినేవాళ్ళు పళ్ళెం అడుగు గీకితే చెంచా ఎడమ పక్కే అరుగుతుంది. ఈ షెఫీల్డు ఊళ్ళో ఈ పని చేసిన ఏ ఆడదాన్ని నిద్ర లేపి అడిగినా ఇది చెబుతుంది.

పన్నెండోది తీసింది. అది కుడి పక్కన అరిగి ఉంది.

కొంచెం కూడా కాదు, బాగా అరిగింది. మొన కుడివైపు ఏటవాలుగా కోసినట్టు తగ్గిపోయింది. ఐవీ దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. ఆ ఇంట్లో పుర్రచేతి మనిషి ఒకరుండేవారు. ఎన్నో ఏళ్ళు ఆ మనిషి ఈ ఒక్క చెంచాతోనే తిన్నారు. పన్నెండింటిలోంచి ఇదే ఏరుకున్నారో, ఇంకొకరు ముట్టకుండా విడిగా పెట్టారో. అందుకే కాబోలు డజనులోంచి విడిపోయి వంటింటికీ, అక్కణ్ణుంచి పనిమనిషి పెట్టెలోకీ చేరింది.

"పాడైందట" అంది ఐవీ ఖాళీ గదితో. "పాడైంది మీ కళ్ళు."

ఈ సంగతి ఆమెకు అంత మంట పుట్టించడానికి కారణం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. ఐవీది పుర్రచెయ్యి. బడిలో ఆ చేతి కణుపుల మీద బెత్తం విరిగింది. పనిలో చేరిన మొదటి వారం మేస్త్రీ ఆవిడ మిసెస్ హాటర్‌స్లీ ఆ చేతిని ఏప్రన్ తాడుకి కట్టేసి, "చక్రాలు కుడిచేతివాళ్ళకి బిగించారమ్మాయ్, నీ కోసం ఫ్యాక్టరీ తిప్పి కట్టరు" అంది. ఆరు రోజుల్లో కుడిచెయ్యి పని నేర్చుకుంది. ఆ తర్వాత నలభై తొమ్మిదేళ్ళు అదే చేసింది. ఇంట్లో అక్క నోరాతో భోజనానికి కూర్చున్నా కుడిచేతే, ఎందుకంటే ఎడమచెయ్యి కదిలితే నోరా నిట్టూర్చేది, ఆ నిట్టూర్పు బెత్తం కంటే బాధగా ఉండేది. పోయిన చలికాలం నోరా పోయింది. అయినా ఐవీ ఇంటి బల్ల దగ్గర కుడిచేత్తోనే తింటోంది. అలవాటు.

ఒక్క చోటే ఆమె తన చేతిని తన ఇష్టానికి వదిలేది. ఇక్కడ, మధ్యాహ్నం, కిటికీ వైపు తిరిగి, గదికి వీపు పెట్టి. మొదట్లో పదిమంది అమ్మాయిలుండేవారు, అందుకే అటు తిరిగేది. ఒక్కొక్కరే పెళ్ళిళ్ళకీ, జబ్బులకీ, మెరుగైన కొలువులకీ వెళ్ళిపోయారు. ఇప్పుడు గదిలో ఆమె ఒక్కతే, అయినా అటే తిరిగి తింటుంది.

పొద్దుటంతా పదకొండింటి పని పట్టింది. చక్రం తిరుగుతుంటే నూనె కలిపిన ఇసుకపొడి ముఖాన చింది, ముక్కులో దూరి, నాలుక మీద కరకరలాడింది. పదకొండూ మెరిశాయి. ఇలా ఎన్ని వేల చెంచాలు ఈ చేతుల మీదుగా వెళ్ళాయో. ఎవరెవరి పేర్ల మొదటి అక్షరాలో, పెళ్ళి తేదీలో, రుద్దెయ్యమంటే రుద్దేసింది. కొనేవాళ్ళకు ఇంకొకరి పేరున్న చెంచా అక్కర్లేదు. పాతది కావాలి, కానీ ఎవరూ వాడినట్టుండకూడదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. మండుతూనే రుద్దేది.

పన్నెండోది అలాగే పక్కన పడి ఉంది.

మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చిన బఠాణీ సూపు గిన్నెలో వేడిచేసి కిటికీ దగ్గర కూర్చుంది. తన చెంచా ఎప్పటిలాగే గట్టు మీది పింగాణీ మగ్గులో ఉంది. దాని కోసం చెయ్యి చాపి, ఆగింది. ఆగి, బల్ల మీది పన్నెండోదాన్ని అందుకుంది. కొళాయి కింద కడిగింది. ఎడమచేత్తో పట్టుకుంది.

ఇన్నేళ్ళూ వెండికి మెరుగు పెట్టింది గాని, వెండితో ఒక్క ముద్ద తినలేదు. చెంచా బరువుగా, అరచేతికి సరిపోయేలా ఉంది. అరిగిన అంచు గిన్నె అడుగున చక్కగా పడుకుని, మూల ఉన్న సూపుని కూడా గీకి తెచ్చింది. ఎవరో ముందే తన కోసం అరగదీసి పెట్టినట్టుంది. ఐవీకి కళ్ళు చెమర్చాయి. వెంటనే తన మీద తనకే విసుగొచ్చింది, సూపు తాగుతూ ఏడవడమేంటని.

"నా చెంచా!"

గుమ్మంలో ఆక్స్‌స్ప్రింగ్ నిలబడి ఉన్నాడు. నాలుగింటికి రావలసిన మనిషి ఒంటిగంటకే ఊడిపడ్డాడు. వెనక డ్రాబుల్ రొప్పుతూ మెట్లెక్కుతున్నాడు.

"ఏంటమ్మా ఇది? నా చెంచాతో... తింటున్నావా?"

"చెంచా ఇంకెందుకుందనుకున్నారు?" అంది ఐవీ. లేవలేదు.

"అది పద్దెనిమిదో శతాబ్దంది!"

"బఠాణీలు అప్పుడూ ఉన్నాయి."

"ఐవీ!" అన్నాడు డ్రాబుల్.

ఆక్స్‌స్ప్రింగ్ ఆమె చేతిలోంచి చెంచా లాక్కున్నాడు. జేబు రుమాలుతో తుడిచి, భూతద్దం తీసి, చటుక్కున వెనక్కి తిప్పి కాడ మీది ముద్రలు చూసుకున్నాడు. అసలు వెండి అని చెప్పే సింహం ఉంది. సంవత్సరపు అక్షరం ఉంది. కుదుటపడ్డాడు. సేకరించేవాళ్ళంతా ఇంతే, చెంచా చేతికివ్వగానే బోర్లా తిప్పుతారు, పుట్టిన ఊరూ ఏడూ తెలిస్తే చాలు, బతికిన బతుకు అక్కర్లేదు. ఆ తర్వాత తిప్పి మొన చూసి, ముఖం మాడ్చాడు.

"ఇంకా చెయ్యనే లేదే!"

"చెయ్యను."

పొయ్యి మీద టీ నీళ్ళు మరుగుతున్నాయి. నలభై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆ గదిలో ఎవరూ వినలేదు. అన్న ఐవీయే కొంచెం తెల్లబోయింది.

"చెయ్యనంటే?" అన్నాడు డ్రాబుల్.

"ఎవరో పుర్రచేత్తో తిని తిని అరగదీశారు బాబూ. అది పాడవడం కాదు. ఆ మనిషి ఇంకెక్కడా లేరు, ఈ మూలే మిగిలింది. రుద్దేస్తే అదీ పోతుంది."

"పన్నెండూ ఒకేలా ఉండాలమ్మా! రేపు పదిమంది ముందు ఇది వంకర పన్నులా కనిపిస్తుంది!" అన్నాడు ఆక్స్‌స్ప్రింగ్. అతనికీ నిజంగానే బాధగా ఉంది. ఇరవై రెండేళ్ళు వెతికిన మనిషి.

"వీటితో తిన్న పన్నెండుమందీ ఒకేలా లేరండీ. నేనేం చెయ్యను?"

డ్రాబుల్ తల పట్టుకున్నాడు. మంచివాడే, కానీ ఇద్దరు మొండివాళ్ళ మధ్య ఇరుక్కుంటే మంచితనం ఏ మూలకీ చాలదు. "ఐవీ, ఇంటికెళ్ళు. సోమవారం మాట్లాడుకుందాం" అన్నాడు. ఆక్స్‌స్ప్రింగ్ వైపు తిరిగి, "దీన్ని ఇక్కడే ఉంచండి సార్, సోమవారానికి నేనే చేయిస్తాను. రేపటికి పదకొండే పెట్టండి" అని బతిమాలాడు.

ఐవీ ఎర్రగుడ్డ విప్పింది. కాగితపు ఏప్రన్ మడిచి చెత్తబుట్టలో వేసింది. మోకాళ్ళ పేపర్లు విప్పుతుంటే దారం ముడిపడింది, దాన్ని తిట్టింది. కోటు వేసుకుని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడింది.

"పొయ్యి ఆపెయ్యండి" అని మెట్లు దిగింది.

సోమవారం ఎనిమిదయింది, తొమ్మిదయింది, పై గదిలో చక్రం మోత లేదు. అలిగిందనుకున్నాడు డ్రాబుల్. అతనికీ ఒళ్ళు మండింది. పదింటికి ఐవీ పక్కింటావిడ కొట్టుకి వచ్చి, గొడుగు దులుపుకుంటూ చెప్పింది. శనివారం రాత్రి పడుకున్న మనిషి ఆదివారం ప్రార్థనకి రాలేదని తలుపు తీయించి చూశారట. నిద్రలోనే. బాధపడినట్టు లేదట.

"అలాగా" అన్నాడు డ్రాబుల్. 

మధ్యాహ్నం పన్నెండో చెంచా పట్టుకుని మేడెక్కాడు. నాన్న బతికుండగా అతనూ ఈ పని నేర్చుకున్నాడు, మాటిచ్చాడు గనక తనే చేసెయ్యాలనుకున్నాడు. చక్రం వేశాడు. అది వేగం అందుకునేలోపు, అడ్డంగా ఉన్నాయని ఆమె సామాను సర్దబోయాడు. సూపు గిన్నె అలాగే ఎండిపోయి ఉంది. మగ్గులో ఒక చవకబారు చెంచా. పారేద్దామని తీశాడు. అలవాటుకొద్దీ వెనక్కి తిప్పి చూశాడు. వెండి కాదు, పైపూత. చెప్పుకోదగ్గ ముద్రేమీ లేదు. మళ్ళీ ఇటు తిప్పాడు.

మొన కుడివైపు అరిగిపోయి ఉంది. పూత పోయి, అడుగున పసుపు లోహం బయటపడేంతగా.

డ్రాబుల్ రెండు చెంచాలనూ పక్కపక్కన పట్టుకున్నాడు. రెండింటి అంచులూ ఒకే వాలు. చంకలో పిల్లాడిగా ఉన్నప్పటి నుంచి ఆమెను చూశాడు. ఆమె ఏ చేత్తో తింటుందో చూడలేదు. ఎప్పుడు పైకి వచ్చినా వీపే కనిపించేది. ఆ వీపు ఎందుకు అటుందని ఒక్కసారీ అనుకోలేదు.

"ముసలిదానా, ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదే!" అని గట్టిగా అరిచాడు. చక్రం మోతలో అది తనకే సరిగా వినపడలేదు.

చక్రం ఆపేశాడు. కొంగ తల చెంచాని కాగితంలో చుట్టి, మీద పెన్సిలుతో "ఆక్స్‌స్ప్రింగ్ గారికి. దీన్ని రుద్దం" అని రాసి, కోటు జేబులో పెట్టుకున్నాడు. సూపు గిన్నె కొళాయి కింద కడిగి పెట్టి, కిందికి దిగాడు.

కిటికీ గట్టు మీద పింగాణీ మగ్గు ఉంది, అందులో ఐవీ చెంచా నిలబడి ఉంది, అరిగిన పసుపుపచ్చ మూల గది వైపు తిరిగి.