అమ్మ సైగలు

పుట్టుకతోనే వినపడని ఆ దర్జీ, తల్లి చనిపోయిన ఏడాదికి, ఎవరూ ఎరగని ఊళ్లో గది అద్దెకు తీసుకుంది. మొదటిరోజు ఉదయం మెట్లమీద ఎదురైన ముసలాయన ముక్కుకొస తాకి, పొట్ట నిమురుకున్నాడు. ఆమె మెట్టుమీదే ఆగిపోయింది. ‘తిన్నావా’ అనే ఆ సైగను చిన్నప్పుడు తనూ అమ్మా కల్పించుకున్నారు. మూడో మనిషికి తెలియదు. వీధి గుమ్మం దగ్గర ఇస్త్రీ చేసే ఆవిడ చెవితమ్మె లాక్కుని నవ్వింది. అంటే ‘జాగ్రత్తగా వెళ్లిరా’. అదీ అమ్మదే.

సాయంత్రం ఆమె ముసలాయన ఇంటి తలుపు తట్టి, తనకే వినపడని గొంతుతో అడిగింది. “ఇవి మీకెవరు నేర్పారు?”

ఆయన పెదవులు ఆమెకు అర్థమయ్యేలా నెమ్మదిగా కదిలాయి. “మీ అమ్మగారేనమ్మా. పోయినవారం ఇంటింటికీ వచ్చారు. మా పిల్లకి వినపడదు, ఒంటరిది, కాస్త నేర్చుకోండని బతిమాలారు. నాకు తొందరగా రాలేదని విసుక్కున్నారు కూడా.”

ఆ విసుగు అచ్చం అమ్మదే. ఆమె భయపడి, పారిపోదామని మెట్లవైపు తిరిగింది. ఇంతలో ఆయన భార్య ఆమె చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్లి, తమ కంచాల పక్కనే ఇంకో కంచం పెట్టింది. ఆమె బెదురుతూనే కడుపునిండా తింది.

భయం పూర్తిగా పోలేదు. అయినా ఆ రాత్రి గదికి గడియ పెట్టకుండా పడుకుంది.