నా గొంతులో మట్టి

నేను ఒక డ్రిప్పరును. బత్తాయి చెట్టు మొదట్లో నల్లపైపుకు గుచ్చుకుని, చుక్క చుక్కగా నీళ్లు వదులుతుంటాను. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దదాన్ని, అంతే. కానీ ఫ్యాక్టరీలో ప్లాస్టిక్‌ను అచ్చులో పోసినప్పుడే నా కడుపులో సన్నటి సందొకటి వంకరటింకరగా తిప్పిపెట్టారు. పరుగున వచ్చిన నీళ్లు ఆ మలుపుల్లో జోరు తగ్గించుకుని బొట్లుగా దిగాలి. అదే నా పని. ఏళ్ల తరబడి చేయగలను, నన్ను చేయనిస్తే.

అనంతపురం వైపు తిప్పేస్వామి తోటలో చివరి వరస చివరి చెట్టు నా వంతుకు వచ్చింది. అదంటే ఆయన భార్య సుంకమ్మకు ప్రాణం. మొక్కగా ఉన్నప్పుడు మేక కొరికేస్తే, చుట్టూ ముళ్లకంప కట్టి తనే బతికించుకుంది. ఈ గొడవ జరిగిన ఏడే అది మొదటిసారి పిందె పట్టింది.

బోరు నీళ్లలో సన్నటి మట్టి ఉంటుంది. దాన్ని ఆపడానికి మోటరు పక్కన ఫిల్టరు, అందులో ఒక జాలీ. అప్పుడప్పుడూ విప్పి కడగాలి. సుంకమ్మ కూతురి కాన్పుకని వెళ్లాక కడిగే దిక్కు లేక అది పూడుకుపోయింది, నీళ్లు సన్నగిల్లాయి. కడిగితే పోయేదానికి ఆ మహానుభావుడు జాలీనే పీకి పారేశాడు. నీళ్లు జోరుగా వచ్చాయి. అదేదో కొత్త విద్య కనిపెట్టినట్టు పక్క తోట నల్లప్పను పిలిచి మరీ చూపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మరి ఆ మట్టి ఎక్కడికి పోతుంది? జోరున్నంతసేపు నీళ్లతో పాటే పరిగెడుతుంది. పైపు చివరికొచ్చేసరికి నీళ్లు నెమ్మదిస్తాయి, మట్టికి ఎక్కడలేని బద్ధకం వస్తుంది. నా మలుపు మూలలో ఒక రేణువు కూర్చుంది. దానికి ఆనుకుని ఇంకొకటి. కరెంటు పోయి నీళ్లు ఆగినప్పుడల్లా మిగతావన్నీ నింపాదిగా అడుగుకు దిగి సర్దుకునేవి. మళ్లీ నీళ్లొచ్చినా లేచేవి కావు. చివరికి నా గొంతు పూర్తిగా మూసుకుపోయింది. నా వెనక పైపు నిండా నీళ్లు, నా ముందు చెట్టు నిలువునా ఎండిపోతోంది. ఇంతకన్నా అవమానం ఉంటుందా? తిప్పేస్వామి మోటరు దగ్గరి చెట్లు చూసుకుని మురిసిపోయేవాడే కానీ, ఇటు రాలేదు.

సుంకమ్మ తిరిగొచ్చేసరికి పిందెలన్నీ రాలిపోయాయి. బిందెలతో మోసి పోసినా చెట్టు తేరుకోలేదు. అప్పుడు తిప్పేస్వామి నన్ను పీకి, ఇది దొంగ సరుకని, కంపెనీవాడు ముంచాడని తిట్టాడు. సుంకమ్మ నన్ను తీసుకుని కొడవలితో చీల్చింది. మలుపు మలుపునా ఎర్రమట్టి. నా తప్పేమీ లేదని తేలింది, నేను రెండు ముక్కలయ్యాక.

అది చూసైనా ఒప్పుకున్నాడా? నల్లప్ప వచ్చి చెట్టుకేమైందని అడిగితే, బోరు నీళ్లే మంచివి కావన్నాడు. ఎండిన చెట్టు మొదట్లో గడ్డపార వేస్తున్న సుంకమ్మ తలెత్తలేదు.

"మట్టి మొదట్నుంచీ ఉన్నిందే. ల్యాకపోయింది జాలీ. పీకింది నువ్వు" అంది.

నల్లప్ప ముఖం మాడిపోయింది. ఇంకేమీ అడక్కుండా తన మోటరు వైపు పరుగు తీశాడు. ఆ తోటలో నాలాంటివాళ్లు ఇంకెంతమంది నోరు మూసుకుని పడి ఉన్నారో.